రివ్యూ మీటింగులో ఏం అడగాలి, మినిట్స్‌లో ఏం రాయాలి? కాంట్రాక్టు పనులు చూసేవాళ్లు చెప్పండి

హగరి గట్టు | అనంతపురం | మంగళవారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఈ మధ్యే డీఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్‌గా) ప్రమోషన్ వచ్చి సబ్ డివిజన్ చార్జి తీసుకున్నాను. చేతిలో ఉన్నవి ఎక్కువగా పల్లె రోడ్లు, కొన్ని కల్వర్టులు, వంక మీద ఒక హైలెవల్ బ్రిడ్జి. ప్రతి మంగళవారం డివిజన్‌లో రివ్యూ, నెలకు రెండుసార్లు కలెక్టరేట్‌లో, మధ్యమధ్యలో విజయవాడ నుంచి వీసీ (వీడియో కాన్ఫరెన్స్). ఒక్కోదానికి ఒక్కో ప్రొఫార్మా. కలెక్టరేట్‌లో నా వంతు వచ్చేసరికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. ఎంత శాతం అయింది, ఎందుకు ఆలస్యం, వచ్చే మీటింగుకి ఎంత చేస్తారు? జవాబు చెప్పి కూర్చుంటాం. పని మాత్రం ఎక్కడిదక్కడే.

అందుకే సబ్ డివిజన్‌లో నేనే పదిహేను రోజులకోసారి కాంట్రాక్టర్లతో కూర్చోవాలనుకుంటున్నాను. పైకి పంపడానికి కాదు, పని కదలడానికి. ఎవరిని పిలవాలి, ఏం అడగాలి, మినిట్స్ ఎలా రాయాలి? ఉన్న మీటింగులకు ఇంకోటి తగిలించి అందరి టైమూ తినేస్తానేమో అన్న భయం కూడా ఉంది. ఆఫీసుల పేర్లు, మనుషుల పేర్లు లేకుండా చెప్పండి.

క్లాస్ టూ | ప్రొద్దుటూరు, కాంట్రాక్టర్ | రాత్రి 9:31

సార్, దండం పెడతా, ఇంకోటి మొదలుపెట్టొద్దు. పదకొండుకి రమ్మంటారు. వరండాలో కూర్చుంటాం. పెద్దసారు ఫోన్‌లో ఉన్నారంటారు, తర్వాత వీసీ అంటారు, భోజనాలైనాక మా వంతు. లోపలికి పోతే "ఏమయ్యా, లేబర్‌ని పెంచు" అంటారు. ఆ ఒక్క మాట చెప్పడానికి నన్ను అంత దూరం రప్పించాలా? ఆ పొద్దు సైట్‌లో మేస్త్రి చెప్పిందే వేదం.

మీ ప్రొఫార్మాలో అన్నిటికీ గడి ఉంటుంది. బిల్లు ఎప్పుడు పెట్టారు, ఎక్కడ ఆగింది అన్నదానికి మాత్రం ఉండదు. ఆ గడి పెట్టండి, మీటింగుకి టీ, బిస్కెట్ నావే.

కీబోర్డు | కడప | రాత్రి 9:50

ఆ ప్రొఫార్మాలు టైపు చేసేది మాలాంటి ఆపరేటర్లే. ఒకే రోడ్డుకి ఎస్టిమేట్‌లో ఒక పేరు, అగ్రిమెంట్‌లో ఇంకో పేరు, గ్రాంటు వాళ్ల షీట్‌లో మూడో పేరు. పైనుంచి ఫోన్ చేసి "ఆ రోడ్డు ఏమైంది" అంటే ఏ రోడ్డో తేల్చుకోవడానికే అరగంట.

శాతాల సంగతి కూడా చెబుతా. సాయంత్రానికి షీట్ పోవాలి, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు సిగ్నల్ లేని చోట ఉంటారు. పోయిన వారం 62 అయితే ఈ వారం 64 వేయమంటారు. 62 అట్లే ఉంచితే "జీరో ప్రోగ్రెస్" అని ఎర్ర రంగు పడుతుంది, పడగానే ఫోన్ వస్తుంది. వానకు మట్టికట్ట కోసుకుపోయి పని వెనక్కి పోయినా షీట్‌లో తగ్గించే ధైర్యం ఎవరికీ లేదు. అట్లా పాకిపాకి 98 దగ్గరికి పోయి ఆగిపోయిన పనులు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి.

తుంగభద్ర | కర్నూలు, రిటైర్డ్ ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజినీర్) | రాత్రి 10:22

డీఈ బాబూ, నీ భయం న్యాయమైనదే. రివ్యూల సంఖ్య పెరిగితే పని పెరగదు. కానీ నువ్వు పెట్టాలనుకుంటున్నది పైవాళ్ల రివ్యూ లాంటిది కాదు గనక పెట్టు. కాకపోతే శాతం అడగడం మానెయ్.

అగ్రిమెంట్‌తో పాటు కాంట్రాక్టర్ ఇచ్చిన వర్క్ ప్రోగ్రామ్ ఉంటుంది. ఏ తారీఖుకి ఏ మైలురాయి దాటాలో అందులో ఉంటుంది. సంతకాలు అయ్యాక అది బీరువాలోకి పోతుంది, మళ్లీ గొడవ వచ్చినప్పుడే బయటికి వస్తుంది. రివ్యూ అంటే ఆ కాగితం బల్ల మీద పెట్టి, ఈరోజుకి ఎక్కడ ఉండాల్సింది, ఎక్కడ ఉన్నాం అని చూడటం. పోయిన మీటింగుతో పోల్చుకుంటే ఎప్పుడూ కాస్త ముందుకి పోయినట్టే కనిపిస్తుంది. అగ్రిమెంట్ గడువుతో పోల్చితేనే నిజం తెలుస్తుంది.

నీ బ్రిడ్జినే తీసుకో. పునాదులు, పియర్లు, స్లాబు అయిపోయాయి అనుకుందాం. డబ్బు లెక్కలో పని 80 శాతం. మిగిలింది రెండు పక్కలా అప్రోచ్ రోడ్లు. ఒక పక్క భూమి మీద కోర్టులో స్టే ఉంది. ఆ 80 నెలల తరబడి 80గానే ఉంటుంది, జనం వంకలో దిగే నడుస్తుంటారు. "ఎంత శాతం" అంటే ఈ సంగతి బయటికి రాదు. "దీని మీద బస్సు పోవాలంటే ఇంకా ఏమేం కావాలి" అని అడుగు, మొదటి నిమిషంలోనే బయటపడుతుంది. బయటపడ్డాక అది నీ చేతిలోదా, ఆర్డీవో చేతిలోదా, కాంట్రాక్టర్ చేతిలోదా అన్నది రెండో ప్రశ్న. ఎవరి చేతిలోదో తేలాక ఏ తేదీ అన్నది మూడోది. నా సర్వీసులో చూసినంతలో ఈ మూడు ప్రశ్నలు పూర్తిగా అడిగిన రివ్యూలు తక్కువ. మొదటి దాని దగ్గరే గొంతులు పెద్దవైపోతాయి.

ఇంకో మాట. మీటింగు ముందు రోజు సైట్‌కి పో. టేపు పట్టుకుని పో. ఫొటోలు ఎవరైనా పంపుతారు. ఫొటోలో రోడ్డు వెడల్పు కనిపించదు.

ఏఈఈ ఆదోని | కర్నూలు జిల్లా | బుధవారం ఉదయం 6:48

సార్ చెప్పింది బాగుంది. కానీ ముందు రోజు సైట్, మర్నాడు మీటింగ్, ఆ మర్నాడు మినిట్స్ అయితే పని చూసేదెప్పుడు? సోమవారం ఎలాగూ పీజీఆర్‌ఎస్ (ప్రజా ఫిర్యాదుల) అర్జీలకే పోతుంది.

మా దగ్గర జరిగింది చెబుతాను. స్కూలు అదనపు గదుల స్లాబు. పొద్దున ఏడుకి కాంక్రీట్ మొదలైంది. తొమ్మిదింటికి గ్రూపులో మెసేజ్, తొమ్మిదిన్నరకి వీసీ, అందరూ మండల ఆఫీసు నుంచి చేరాలి అని. నేను కదిలితే స్లంప్ (కాంక్రీట్ ఎంత పలచగా ఉందో) చూసేవాళ్లు లేరు, క్యూబులు (బలం పరీక్షకు నమూనా దిమ్మెలు) పోయించేవాళ్లు లేరు, డ్రమ్ములో బక్కెట్టు నీళ్లు ఎక్కువ పోసినా అడిగేవాళ్లు లేరు. ఆపుదామంటే స్లాబు మధ్యలో కోల్డ్ జాయింట్ (పాత, కొత్త కాంక్రీట్ సరిగ్గా కలవని అతుకు) వస్తుంది. స్లాబు మీద నిలబడే ఫోన్‌లో చేరాను. "కెమెరా ఆన్ చేయండి" అన్నారు. చేశాను. వెనకాల వైబ్రేటర్ మోత. "ఎక్కడున్నారు మీరు?" "కాంక్రీట్ పోస్తున్నాం సార్." ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత "మ్యూట్ చేసుకోండి" అన్నారు. మందలిస్తారేమో అనుకున్నాను, మందలించలేదు. తర్వాతి వారం నుంచి స్లాబు ఉన్నవాళ్లు వీసీకి రానక్కర్లేదు, ముందే చెబితే చాలు అని మా డివిజన్‌లో మాట అయింది.

కాబట్టి డీఈ గారూ, రోజు, టైం మార్చకుండా పెట్టండి. కాంక్రీట్‌ని దాన్నిబట్టి సర్దుకుంటాం. ఇంకొకటి, క్యూబుల ఫలితాలు కూడా రివ్యూలోకి తీసుకురండి. కాంక్రీట్ వేసిన తేదీ, 7 రోజుల ఫలితం, 28 రోజుల ఫలితం, మూడూ ఒకే వరసలో ఉండాలి. ఎంత వేశారు అని అందరూ అడుగుతారు, వేసింది నిలబడుతుందా అని రివ్యూలో ఎవరూ అడగరు.

క్లాస్ టూ | ప్రొద్దుటూరు | ఉదయం 7:30

మేడం, మీలాంటి ఏఈఈ ఉంటే మాకూ తలనొప్పి తక్కువ. అర్ధరాత్రి కాంక్రీట్ వేయమని చెప్పి పొద్దున వచ్చి కొట్టేయమన్నవాళ్లనూ చూశాం.

లెక్కల పుస్తకం | కడప, అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను | ఉదయం 8:15

కాంట్రాక్టర్ గారు అడిగిన బిల్లు గడి గురించి. "బిల్లు పెండింగ్" అని ఒకే గడి పెడితే ఉపయోగం లేదు. ఆ ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు జబ్బులు ఉంటాయి.

పని అయింది, ఎం బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కలేదు. ఎం బుక్‌లో ఎక్కింది, డీఈ చెక్ మెజర్‌మెంట్ (ఆ కొలతలను మళ్లీ సరిచూడటం) కాలేదు. అది కూడా అయింది, క్వాలిటీ రిపోర్టు రాకో, ఇంకో కాగితం లేకో బిల్లు డివిజన్ దాటలేదు. దాటింది, పే అండ్ అకౌంట్స్ దాకా పోయి సీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థలో) ఉంది, డబ్బు పడలేదు. చివరిది డీఈ చేతిలో లేదు, దాని గురించి ఎంత అరిచినా లాభం లేదు. మొదటి మూడూ పూర్తిగా మన ఆఫీసులోవే. కాంట్రాక్టర్లు ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదు అంటారు, ఆఫీసులో సీఎఫ్‌ఎంఎస్‌లో ఉంది అంటారు. తీరా చూస్తే ఎం బుక్ ఏఈ ఇంట్లో ఉంటుంది. నేను కూర్చున్న సీటుకి వచ్చిన గొడవల్లో సగం ఇలాంటివే.

ఒక్కో బిల్లుకి నాలుగు తేదీల గడులు పెట్టండి. ఏ గడి ఖాళీగా ఉంటే ఆ మనిషిని అడగండి. మొదటి రెండు గడులూ మీవే డీఈ గారూ, మిమ్మల్ని మీరే అడగాల్సి వస్తుంది.

క్లాస్ టూ | ఉదయం 8:40

బిల్లు పెట్టిన పది రోజుల్లో 75 శాతం ఇవ్వాలని రూలు వచ్చింది కదా సార్? ఆ రూలు ఎవరూ మాట్లాడరే?

లెక్కల పుస్తకం | ఉదయం 8:55

వచ్చింది నిజమే. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబర్ 29న ఇచ్చిన సూచనల్లో ఉంది. రన్నింగ్ బిల్లు (పని నడుస్తుండగా పెట్టే బిల్లు) అందిన 10 పనిదినాల్లో అర్హమైన మొత్తంలో కనీసం 75 శాతం, పూర్తి పరిశీలన అయ్యాక మిగతాది 28 పనిదినాల్లో. కానీ అది కేంద్ర శాఖలకు, వాటి కింద సంస్థలకు. రాష్ట్ర శాఖతో మీరు రాసుకున్న అగ్రిమెంట్‌లో ఆ షరతు లేకపోతే దాన్ని చూపించి అడగలేరు. జాతీయ రహదారి పని చేసే వాళ్ల మాట వేరు.

పెన్నా వంతెన | అనంతపురం | ఉదయం 9:20

మా పక్క సబ్ డివిజన్ కథ వినండి. రోడ్డు వెడల్పు పని. సరిగ్గా కొత్త రోడ్డు మధ్యలోకి వచ్చే కరెంటు స్తంభాలు. రివ్యూలో ప్రతిసారీ "విద్యుత్ శాఖతో సమన్వయం చేసుకుని స్తంభాలు తొలగించవలెను" అని మినిట్స్. వచ్చే రివ్యూలో అదే వాక్యం. రోడ్డు రెండు పక్కలా మెటల్ (కంకర) పరిచేశారు, మధ్యలో స్తంభాలు నిలబడే ఉన్నాయి. రాత్రిపూట బైకులవాళ్లకు ప్రాణసంకటం.

ఒకసారి ఎవరికో బుద్ధి పుట్టి విద్యుత్ శాఖ ఏఈనే మీటింగుకి పిలిచారు. ఆయన ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టారు. షిఫ్టింగ్ ఎస్టిమేట్ ఎప్పుడో పంపించారు, డబ్బు కడితే పని మొదలుపెడతామని లెటర్ కూడా ఉంది. ఆ లెటర్ రోడ్ల ఆఫీసులో ఇన్‌వార్డ్ అయి, షిఫ్టింగ్‌కి అగ్రిమెంట్‌లో ఎంత పెట్టారో చూడాలని ఒక క్లర్క్ టేబుల్ మీద ఆగిపోయింది. ఇన్నాళ్లూ "సమన్వయం" చేసుకోమన్నది ఆ టేబుల్‌తోనే అన్నమాట. డబ్బు కట్టాక పని పెద్ద ఆలస్యం కాలేదు.

అందుకని డీఈ గారూ, కాంట్రాక్టర్లను అందరినీ ఒక్కసారే పిలవడం కంటే, అడ్డం ఎవరి దగ్గర ఉందో ఆ శాఖ మనిషిని ఒక్కరిని పిలవండి. విద్యుత్, మంచినీళ్ల పైపులైను ఉంటే ఆర్‌డబ్ల్యూఎస్, భూమి ఉంటే మండల సర్వేయర్. పై స్థాయిలో కూడా అదే కదా చేసేది. ఢిల్లీలో 2015 మార్చి నుంచి ప్రధాని నడిపే ప్రగతి రివ్యూలో ప్రాజెక్టును ఆపుతున్న శాఖ కార్యదర్శి, ఆ రాష్ట్ర చీఫ్ సెక్రటరీ ఇద్దరూ ఒకే తెర మీద ఉంటారు. "వాళ్లకు రాశాం, జవాబు రాలేదు" అనడానికి వీల్లేదు.

తుంగభద్ర | కర్నూలు | ఉదయం 10:05

సరిగ్గా చెప్పారు. "సమన్వయం చేసుకోవలెను", "తగు చర్యలు తీసుకోవలెను", "వేగవంతం చేయవలెను" అని మినిట్స్‌లో ఉంటే, ఆ అంశం మీద ఎవరూ ఏమీ నిర్ణయించలేదని లెక్క.

ఒక్క ఉదాహరణ. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. ఎల్‌ఎల్‌సీ (దిగువ కాలువ) కింద మన కర్నూలు, హెచ్చెల్సీ (ఎగువ కాలువ) కింద అనంతపురం, కడప రైతులు ఆ డ్యాం నీళ్ల మీదే ఉన్నారు. ఆగస్టు 17 నాటికి స్టాప్‌లాగ్ (గేటు బదులు దించే ఇనుప అడ్డు) దించి నీళ్లు ఆపారు. పారే వరదలో గేటు స్థానంలో స్టాప్‌లాగ్ దించడమంటే మాటలు కాదు. రివ్యూలు రోజూ జరిగాయి, కానీ డ్యాం మీదే జరిగాయి. నిర్ణయం తీసుకునేవాళ్లు, ఇనుము కోసేవాళ్లు, క్రేన్ తిప్పేవాళ్లు ఒకే చోట ఉన్నారు. డ్రాయింగ్ మార్చాలంటే అక్కడే మార్చారు.

ఏఈఈ ఆదోని | ఉదయం 10:20

సార్, గౌరవంతోనే ఒప్పుకోను. అది ఎమర్జెన్సీ. టెండరు గొడవ లేదు, డబ్బు గొడవ లేదు, దేశమంతా టీవీల్లో చూస్తోంది. మా కల్వర్టు ఎవరూ చూడరు. ఆ వేగాన్ని చూపించి మమ్మల్ని తిడతారు, అదే నా భయం.

తుంగభద్ర | ఉదయం 10:31

వేగం గురించి కాదమ్మా, చోటు గురించి. సైట్‌లో కూర్చోండి అన్నదే నా మాట. ఎమర్జెన్సీలో అధికారాలు వేరన్నది నిజమే.

కోర్టు రోడ్డు | కడప, అడ్వకేట్ | మధ్యాహ్నం 1:40

ఇంజినీర్లు మినిట్స్‌ని ప్రోగ్రెస్ రిపోర్టులా చూస్తారు. మా దగ్గరికి వచ్చేసరికి అది సాక్ష్యం. కాబట్టి రాసేటప్పుడు రెండు మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి.

గడువు దాటిన పనికి రివ్యూలో "కాంట్రాక్టర్ మార్చి నెలాఖరుకి పూర్తి చేస్తానని ఒప్పుకున్నారు" అని రాసి సంతకాలు పెడతారు. రేపు ఆలస్యానికి కోత పెడితే కాంట్రాక్టర్ తరఫున మేం అదే కాగితం తీస్తాం. మీరే మార్చి దాకా ఒప్పుకున్నారు కదా అంటాం. 1872 కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ చదవండి. గడువు ముఖ్యమైన ఒప్పందంలో ఆలస్యంగా చేసిన పనిని మీరు ఒప్పుకుంటే, ఒప్పుకునేటప్పుడే నష్టపరిహారం అడుగుతానని నోటీసు ఇవ్వకపోతే, తర్వాత అడగడానికి లేదు. కాబట్టి తేదీ రాసే ప్రతిచోటా "గడువు పొడిగింపు, ఆలస్యపు కోత విషయంలో శాఖ హక్కులకు భంగం లేకుండా" అన్న వాక్యం ఉండాలి. గడువు పొడిగింపు అర్జీ కూడా గడువు దాటకముందే తీసుకోండి. దాటాక తీసుకునే అర్జీతోనే సగం కేసులు మొదలవుతాయి.

కాంట్రాక్టర్లకు కూడా చెబుతున్నా. రివ్యూలో పెద్దసారు "ఈ రోడ్డు ఇంకో 200 మీటర్లు పొడిగించెయ్" అంటారు. మినిట్స్‌లో కూడా రాస్తారు. మీరు వేస్తారు. బిల్లు రాదు. రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం ప్రభుత్వంతో ఒప్పందం గవర్నర్ పేరు మీద, అధికారం ఉన్నవాళ్ల సంతకంతో ఉండాలి. రివ్యూ మినిట్స్ సప్లిమెంటల్ అగ్రిమెంట్ (అదనపు పనికి రాసుకునే ఒప్పందం) కాదు. కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద డబ్బు అడగొచ్చు, కాదనను, కానీ దానికి మీ జుట్టు నెరుస్తుంది.

క్లాస్ టూ | ప్రొద్దుటూరు | మధ్యాహ్నం 2:02

ఇప్పటికే నెరిసింది సార్.

నిజం చెబుతున్నా, రివ్యూలో ఆయన నోటి మాట కాదంటే మర్నాడు నుంచి సైట్‌లో అన్నీ తప్పులే. ఇంకొకటి, మాట మాట్లాడితే "60సి పెడతా" అంటారు. ఇంతకీ ఆ 60సి అంటే ఏందో పూర్తిగా చెప్పండి ఎవరైనా.

తుంగభద్ర | మధ్యాహ్నం 2:45

మన ఏపీ డీటైల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్‌లోని క్లాజ్ అది. పని నెమ్మదిగా ఉంటే మొత్తం కాంట్రాక్టు రద్దు చేయకుండా, వెనకబడ్డ భాగాన్ని మాత్రం తీసి వేరే వాళ్లకు ఇవ్వొచ్చు. అదనంగా అయ్యే ఖర్చు మొదటి కాంట్రాక్టర్ మీద పడుతుంది. 2018లో పోలవరం స్పిల్‌వే కాంక్రీట్ పనుల్లో కొంత భాగాన్ని ఈ క్లాజ్ కిందే పాత ఏజెన్సీ నుంచి తీసి వేరే ఏజెన్సీకి అప్పగించారు, పేపర్లలో చదివే ఉంటారు. మొత్తం కాంట్రాక్టు తీసేయడానికి 61వ క్లాజ్ వేరే ఉంది.

అయితే ఇది రివ్యూలో విసిరే మాట కాదు. నోటీసు ఇవ్వాలి, జవాబుకి టైం ఇవ్వాలి, ఆలస్యం కాంట్రాక్టర్ వల్లే అని చూపించాలి. భూమి ఇవ్వకుండా, డ్రాయింగ్ ఇవ్వకుండా, బిల్లు ఆపి 60సి నోటీసు ఇస్తే నిలబడదు. చూపించడానికి ఉండేది ఒక్కటే, హిండ్రెన్స్ రిజిస్టర్. అడ్డం ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన తొలగింది, ఎవరి వల్ల, ఇద్దరి సంతకాలు. నేను పనిచేసిన చోట్ల ఆ రిజిస్టర్ గడువు పొడిగింపు కావాల్సి వచ్చినప్పుడు ఒకే పెన్నుతో ఒకే రోజు రాసేవారు. సిరా చూస్తేనే తెలిసిపోయేది.

నిర్వాహకులు | మధ్యాహ్నం 3:10

ఒక సభ్యుడు ఒక అధికారి పేరు, ఆయన ప్రస్తుత పోస్టింగ్ రాశారు. ఆ పోస్టు తీసేశాం. విషయం మీదే ఉండండి. రివ్యూలో బిస్కెట్ల నాణ్యత మీద వచ్చిన పోస్టులను సరదా విభాగానికి మార్చాం, అవి కూడా తక్కువేం లేవు.

చెరువు కట్ట | అనంతపురం జిల్లా, రైతు | సాయంత్రం 5:30

మీరంతా లోపలి మనుషులు. బయటివాడిగా ఒకటి అడుగుతా. మా ఊరి రోడ్డు కంకర పరిచి వదిలేశారు. ట్రాక్టర్ పోతే రాళ్లు ఎగిరి మనుషులకు తగులుతున్నాయి. ఎవరిని అడిగినా "రివ్యూలో పెట్టాం" అంటారు. ఆ రివ్యూలో ఏమన్నారో మాకెట్లా తెలుస్తుంది? మా రోడ్డు గురించి మీరు మాట్లాడుకున్నది మాకు చెప్పకూడనిది ఏముంది?

కోర్టు రోడ్డు | కడప | సాయంత్రం 6:05

అన్నా, సమాచార హక్కు కింద మినిట్స్ కాపీ అడగొచ్చు. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి ఆఫీసుకి అర్జీ ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాగితాలే కాదు, పనిని స్వయంగా చూసే హక్కు, మెటీరియల్ శాంపిల్ తీసుకునే హక్కు కూడా ఆ చట్టం రెండో సెక్షన్‌లో ఉంది. "ఫలానా పనికి అగ్రిమెంట్, వర్క్ ప్రోగ్రామ్, హిండ్రెన్స్ రిజిస్టర్, గత ఆరు నెలల రివ్యూ మినిట్స్ కాపీలు" అని స్పష్టంగా అడగండి. "రోడ్డు ఎందుకు కాలేదు" అని అడిగితే అది ప్రశ్న, సమాచారం కాదు అని తిప్పి పంపుతారు.

రోడ్డు కేంద్ర పథకం డబ్బుతో అయితే ఎంపీ గారి అధ్యక్షతన దిశ కమిటీ ఉంటుంది, మూడు నెలలకోసారి కూర్చోవాలి. మీ సర్పంచ్ ద్వారా ఆ దారీ చూడండి.

హగరి గట్టు | అనంతపురం | సాయంత్రం 7:40

అందరికీ థాంక్స్. అన్నీ కలిపి ఇలా అనుకుంటున్నాను. పదిహేను రోజులకోసారి గురువారం మధ్యాహ్నం మూడింటికి, ఒక్కోసారి ఒక్కో సైట్‌లో. ఆఫీసులో కాదు. ఆ సైట్ కాంట్రాక్టర్, ఏఈఈ, ఆ పనికి అడ్డం ఉన్న శాఖ మనిషి. మిగతా కాంట్రాక్టర్లు రానక్కర్లేదు, ఫోన్‌లో చెబితే చాలు. ఒక పనికి ఒకే పేజీ. పైన వర్క్ ప్రోగ్రామ్‌లో ఈ తేదీకి ఉండాల్సింది, టేపుతో కొలిచింది. కింద అడ్డం, ఎవరి చేతిలో ఉంది, తేదీ. బిల్లుకి నాలుగు గడులు. కాంక్రీట్ ఉంటే క్యూబుల తేదీలు. శాతం గడి తీసేస్తున్నా, పైవాళ్లకు కావాల్సిన శాతం కీబోర్డు గారి లాంటివాళ్లు వేరే షీట్‌లో పంపుకుంటారు. వరుసగా రెండుసార్లు కదలని అడ్డాన్ని ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) గారికి లెటర్‌గా రాస్తా, మినిట్స్ కాపీ జతచేసి.

చెరువు కట్ట అన్న అడిగింది కూడా చేద్దాం. ప్రతి మీటింగు తర్వాత ఆ పని గురించి రెండు వాక్యాలు సచివాలయం నోటీసు బోర్డులో. దీనికి పై అనుమతి కావాలేమో అడిగి చూస్తా.

క్లాస్ టూ | ప్రొద్దుటూరు | రాత్రి 8:01

సైట్‌లో అయితే వస్తా సార్. టీ ఎట్లాగూ మా దగ్గరే ఉంటుంది. చెక్ మెజర్‌మెంట్ కూడా అదే పొద్దు చేసేస్తే ఒకే పెట్రోలుతో రెండు పనులు.

లెక్కల పుస్తకం | కడప | రాత్రి 8:20

ఆ సలహా బాగుంది. కానీ మీటింగు పేజీలో రాసిన కొలత ఎం బుక్‌లో ఎక్కినట్టు కాదు. ఎం బుక్‌లో అక్కడికక్కడే ఎక్కించాలి. తెల్లకాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కిద్దాం అంటే పాత కథే.

ఏఈఈ ఆదోని | రాత్రి 8:45

పేజీలో "ఎవరి చేతిలో" అన్నచోట పేరు కాదు, హోదా రాయండి సార్. ట్రాన్స్‌ఫర్లు అయితే కొత్తగా వచ్చినవాళ్లు "ఇది పాతాయనకు చెప్పారు, నాకు కాదు" అంటారు. మా దగ్గర ఒక డ్రైన్ పని మీద ఇన్నిసార్లు మొదటినుంచి మొదలుపెట్టడానికి అదే కారణం. హోదా రాసి, ఆ పేజీలు చార్జి అప్పగింత లిస్టులో చేర్చండి. ఎం బుక్కులు, సైట్ ఆర్డర్ బుక్ అప్పగించినట్టే ఇవీ అప్పగించాలి.

తుంగభద్ర | కర్నూలు | రాత్రి 9:02

మంచి మాటమ్మా. విడి పేజీలు వద్దు, బైండ్ చేసిన పుస్తకం, పేజీ నంబర్లతో. విడి కాగితమైతే చార్జి మారిన రోజే మాయం.

కీబోర్డు | కడప | రాత్రి 9:15

పుస్తకం మొదటి పేజీలో పని పేరు అగ్రిమెంట్‌లో ఉన్నట్టే రాయండి సార్, పక్కన వర్క్ ఐడీ నంబరు వేయండి. మిగతా పేర్లు ఎవరు ఏం పెట్టుకున్నా, నంబరుతో వెతుక్కుంటాం.